కొండమీది లైన్ క్లియర్

తోటివాళ్లు అతణ్ణి నిచ్చెన అనేవారు. మనిషి అంత పొడుగు మరి! ఇరవై రెండేళ్లుగా కొండమీది కరెంటు లైను అతనిదే. ఏ స్తంభానికి కందిరీగల పట్టు ఉందో కూడా కళ్లు మూసుకుని చెప్పేవాడు.

ముందురోజు గాలివానకి కొమ్మలు విరిగి తీగలమీద వాలాయి. పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాడు. ఊపిరితిత్తులు పాడై ఆవిడ ఆక్సిజన్ మిషనుతోనే బతుకుతోంది. ఆ కొమ్మలు తీయడానికి ఎనిమిదింటికి కరెంటు ఆపితే మిషను బ్యాటరీ రెండింటి దాకా వస్తుంది.

"పన్నెండుకల్లా ఇచ్చేస్తానక్కా. ఇంకొకడైతే సాయంత్రం దాకా నాన్చుతాడు, అందుకే నేనే పోతున్నా."

"కోతలు చాలు గానీ కాళ్లు జాగ్రత్త," అంది అక్క, ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ.

సబ్‌స్టేషన్‌లో లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే పని అయ్యేదాకా కరెంటు ఆపుతారు. అయిందని తీసుకున్నవాడే చెప్పాలి. ఆరేళ్ల కిందట ఎవడో తగుదునమ్మా అని "అయిపోయిందంట" అని ఫోన్ చేస్తే, స్తంభంమీదున్న నిచ్చెన స్నేహితుడు అక్కడికక్కడే మాడిపోయాడు. అప్పుడు నిచ్చెనే పట్టుబట్టి గోడమీద ఎర్రరంగుతో రాయించాడు: తెలిసిన గొంతు వింటేనే, లేదా మనిషి ఎదురుగా వస్తేనే కరెంటు.

పదకొండున్నరకి పని ముగించాడు. సిగ్నల్ కోసం కొండ అంచుకు వెళ్లి ఫోన్ తీశాడు. చెమట చేతుల్లోంచి అది జారి లోయలో పడింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

పొద్దున దింపిన జీపు ఎప్పుడో వెళ్లిపోయింది. వెనక్కి నడిస్తే సబ్‌స్టేషన్‌కి నాలుగు గంటలు. ముందుకు పోతే రెండు గంటల్లో అటవీ కాపలావాడి గది, అందులో ఫోన్. ముందుకే నడిచాడు. అడుగు వెడల్పు బాట, రెండు పక్కలా లోయలు. ఎడమవైపు కింద అక్క ఇంటి రేకుల కప్పు కనిపిస్తూనే ఉంది. కేకేస్తే వినిపిస్తుందేమో అన్నంత దగ్గరగా ఉంది గానీ, దిగడానికి దారే లేదు. రొప్పుతూ, పడుతూ లేస్తూ ఒకటిన్నరకి గది చేరాడు.

సబ్‌స్టేషన్‌లో ఒంటిగంటకే డ్యూటీ మారింది. కొత్తమ్మాయి ఫోనెత్తింది.

"అమ్మా, కొండ లైన్‌మన్ని. పనైపోయింది, కరెంటిచ్చెయ్."

"ఇది మీ నెంబరు కాదుగా?"

"నా ఫోను లోయలో పడిందమ్మా."

"నేను చేరి మూడ్రోజులే అన్నా, మీ గొంతు నాకు తెలీదు. పాతాయన ఫోనెత్తట్లేదు."

"మా అక్కకి ఊపిరాడదు తల్లీ! నీ కాళ్లు పట్టుకుంటా!"

"నిజంగా లైన్‌మన్ ఇంకా స్తంభంమీదే ఉంటే? చంపినదాన్నవుతాను కదన్నా!" ఆ పిల్ల ఏడ్చేసింది.

అరిచాడు, తిట్టాడు, బతిమాలాడు. ఇంకోరోజు ఇలాగే ఎవరికో సరేనని ఆమె కరెంటిచ్చి ఉంటే, తనే వెళ్లి చెంప పగలగొట్టేవాడు. ఆ సంగతి తనకే తెలుసు. పోనీ బావకి చెబుదామంటే నెంబరు నోటికి రాదు. సబ్‌స్టేషన్‌ది తప్ప అన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి.

కొండ దిగడానికి రెండున్నర గంటలు పట్టింది. రెండు దాటింది. మూడు దాటింది. పరిగెత్తబోతే రాళ్లు జారుతున్నాయి. పడి కాలు విరిగితే అక్కకి కరెంటే రాదు. ప్రాణం ఉగ్గబట్టుకుని నెమ్మదిగా దిగాల్సి వచ్చింది. నాలుగింటికి సబ్‌స్టేషన్‌లో నిలబడి కార్డు చూపించాడు. ఆ అమ్మాయి స్విచ్ వేసింది.

అక్క ఇంట్లో మిషను గుర్రుమంటోంది. గొట్టం దిండుమీద పడి ఉంది. అక్క మొహం దాకా దుప్పటి కప్పారు.

"మూడింటికి పోయిందిరా," అన్నాడు బావ. "ఆసుపత్రి బండి ఇంకా రానేలేదు. ఇందాక కరెంటు రాగానే ఇది దానంతటదే మొదలైంది. ఆపబుద్ధి కాలేదు."

నిచ్చెన గుమ్మంలోనే కూలబడ్డాడు.

"పన్నెండుకల్లా ఇస్తానన్నావు కదరా," అన్నాడు బావ. "ఇంతసేపు ఆపినవాడెవడ్రా?"

"నేనే బావా."