మార్తమ్మ టీచరు క్షమాపణ అడగలేదు

మార్తమ్మ టీచరు ఇక లేరన్న కబురు మంగళవారం పొద్దున మండలాఫీసు మెట్ల మీద నాకు అందింది. చేతిలో కాగితాలతోనే వెనక్కి తిరిగి ఆమె ఇంటికి నడిచాను. మొన్న ఆదివారం ఆరాధనలో అందరికంటే ముందు పాట ఎత్తుకున్న గొంతు అది. నాకు అక్షరాలూ, ఆదివారపు బడిలో వాక్యమూ నేర్పిన గొంతు. సమాధి దగ్గర పాస్టరయ్య ఆమె సుగుణాలన్నీ చెప్పి, "ఒకసారి సంఘాన్ని నొప్పించినా తర్వాత క్షమాపణ అడిగిన వినయశీలి" అన్నారు. ఆయన తప్పు లేదు. ఆ మాట సంఘానికి చెప్పింది నేను. అది అబద్ధం. మన సంఘ పత్రికకు ఇది రాయడం అందుకే.

ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్కన డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చి లేనివాళ్లకు పంచడం మన ఇళ్లలో ఆచారం. ఆదివారపు బడిలో ఒక పిల్ల, "మాయమ్మ వారానికి ఒకేసారి, మిగిలింటే తీసిపెడతాది" అంది. టీచరమ్మ తల అడ్డంగా ఊపారు. "అట్ల కాదు పాపా. ముందే తీయాల. మన కడుపు నిండినాంక తీసేది దేవుని పిడికిలి కాదు."

ప్రభుత్వ బడ్జెట్టునూ ఆమె అలాగే చదివేవారు. అది పేపర్లో వచ్చిన రోజు ఆమె అరుగు మీద పండగే. ఎర్ర పెన్సిలుతో గీతలు గీస్తూ, దారిన పోయేవాళ్లను కేకేసి కూర్చోబెట్టేవారు. "పేదోళ్ల పిడికిలి ముందే తీసినారా, తిన్నాంక తీసినారా, సూడండప్పా. ప్రార్థన చేసి ఊరుకుంటే సాలదు. మన దుడ్లు యాడికి పోతాండాయో అడగకపోతే ఆ పాపంలో మనకూ వాటా ఉండాది."

"టీచరమ్మా, ఇది బైబిల్లో ఏ అధ్యాయం?" అని ఒక కుర్రాడు ఎగతాళి చేశాడు.

"ఇంకా రాస్తాండారప్పా. కలం మీ మెంబరు చేతిలో ఉండాది" అన్నారు నన్ను చూపించి. అప్పటికి నేను మండల సభ్యుడిగా గెలిచి నెల కూడా కాలేదు. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలమే ఆ కలంతో నేను చేసిన పని ఇది. మిట్ట మీది కాలనీకి నీళ్ల ట్యాంకర్ల కోసం కేటాయించిన నిధిని, మన చర్చికి వచ్చే దారికి సిమెంటు రోడ్డు వేయడానికి మార్పించాను. దేవుని పని చేశాననే అనుకున్నాను. ఆరాధన తర్వాత ఆ సంగతి ప్రకటిస్తే చర్చి చప్పట్లతో మోగింది. టీచరమ్మ లేచి నిలబడ్డారు.

"మెంబరప్పా, ఆ దుడ్లు యాడివి?"

"మండలానివి టీచరమ్మా."

"మండలంలో దేంట్లోవి?"

"అభివృద్ధి నిధులవి" అన్నాను. ఆమే చెప్పారు. "కాలనీ ట్యాంకర్లవి. అవునా, కాదా?"

"వానొస్తే బురదలో నడవలేకపోతాండాం గదమ్మా" అన్నాడు ఒక సంఘపెద్ద.

"ఏ వాన పెద్దాయనా? వానే వచ్చింటే నీళ్లకు కొట్లాట ఎందుకు?"

చర్చంతా నవ్వింది. ఆ నవ్వు నాకు చురుక్కుమంది. "ఆ కాలనీలో మన సంఘమోళ్లు నాలుగిండ్లే" అన్నాను.

"దప్పికకు బాప్తిస్మం ఉండాదా అబ్బీ?" అన్నారామె.

జవాబు దొరకని కోపం చాలా చెడ్డది. ఆ వారమే కమిటీని కూర్చోబెట్టి, ఆమెకు స్త్రీల సమాజం పదవీ, ఆదివారపు బడీ లేకుండా చేశాను. చర్చి పరువు తీసిందన్నాను. అక్కడ కాలనీ ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని, ఎక్కడో చేనులోని బోరుకు నడుస్తున్నారు.

పది రోజులకు టీచరమ్మే మా ఇంటికి వచ్చారు. "ఎనక్కి తగ్గితే నామర్దా అనుకుంటాండావు. నీ మర్యాద ఎట్ల నిలబెట్టుకుంటావో నిలబెట్టుకో. ఆ దుడ్లు మాత్రం మళ్లా నీళ్లకు మార్పించు."

"అయితే మీరు క్షమాపణ అడిగినారని, నేనే పెద్దమనసుతో రోడ్డు వదులుకున్నానని సంఘంలో చెప్తాను."

ఆమె కొంగు దోపుకున్నారు. "నేనైతే ఆ మాట అనను. నువ్వు చెప్పుకుంటే కాదనను. ట్యాంకరు ఎప్పుడొస్తాది?"

గురువారం వచ్చింది. ఆ రోజు ఆమెను చూడాల్సింది మీరు. చీర మోకాళ్ల దాకా తడిసి, పైపు దగ్గర నిలబడి, "నూకులాడొద్దండ్రా, అందరికీ ఉండాయి" అని అరుస్తూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఆదివారం సంఘం నా పెద్దమనసుకు శాలువా కప్పింది. అప్పుడూ ఆమె చప్పట్లు కొట్టారు.

ఆదివారపు బడి మాత్రం మళ్లీ ఆమె చేతికి రాలేదు. నేను ఇప్పించలేదు. ఇప్పిస్తే నా అబద్ధం నాకే గుర్తొస్తుందని భయం. పిల్లలకు పాఠం జరుగుతుంటే ఆమె బయట మెట్ల మీద కూర్చుని వినేవారు. పిల్లలు వాక్యం తప్పు చెబితే పెదాలు కదిపి తనలోనే దిద్దేవారు. ఏళ్ల తరబడి ఆ మెట్లు ఎక్కుతూ ఆమెను దాటుకుని లోపలికి పోయాను.

కాలనీ గొంతు తడిపేందుకు తన మంచిపేరును పిడికిట పట్టి ముందే తీసి ఇచ్చేసిన మనిషి మనకు ఇంకొకరు లేరు. వచ్చే వారం మండల బడ్జెట్టు సమావేశం ఉంది. నా కాగితంలో మొదటి పంక్తి నీళ్లది. దాన్ని ఎర్ర పెన్సిలుతో చూసే కళ్లు మాత్రం లేవు.

ఈ ఆదివారం, శాలువా కప్పించుకున్న చోటే నిలబడి ఇది మొత్తం చదువుతాను. టీచరమ్మ ఎవరినీ క్షమాపణ అడగలేదు. అడగాల్సింది నేను. మెట్ల మీద ఆమె లేరు.