తప్పుకు పాల్కోవా పెట్టే కర్పగం

కర్పగం తన క్లాసులో తప్పు చేసిన పిల్లకు పాల్కోవా ఇస్తుంది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. ఈసారి చెప్పినావిడ మా ట్యూషన్ మాన్పించి తన కూతుర్ని అక్కడ చేర్చిన తల్లి.

కర్పగం, నేను తమిళనాట విరుదునగర్‌లో ఒకే కాలేజీలో ఫిజిక్స్ చదివాం. ఇద్దరివీ నల్లరేగడి పల్లెలే, ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. ఆమెది కళుగుమలై పక్కన. వాళ్ళ నాన్న లక్ష్మణసామి పత్తి, మినుములు వేసేవారు. మార్కుల్లో ఎప్పుడూ నేనే ముందు. ల్యాబులో లోలకం ఊగడం లెక్కపెట్టమంటే కర్పగం పక్కమ్మాయితో కబుర్లలో పడి, చివర్లో "ఎన్నే వాసుకీ?" అని నన్నడిగి రాసుకునేది. అలాంటి కర్పగం దగ్గరికి ఇప్పుడు మా కోవిల్‌పట్టి నుంచి పిల్లలు రైలెక్కి పోతున్నారు. మా ట్యూషన్ స్టేషన్‌కు వెళ్ళే దారిలోనే, మా ఇంటి మేడమీద. శనివారం పొద్దున కిటికీలోంచి చూస్తే వాళ్ళు పోవడం కనిపిస్తుంది. చూడకూడదు అనుకుంటూనే చూస్తాను.

ఆమెకు విరుదునగర్‌లో మిరపకాయల కమీషన్ మండీ వాళ్ళింట్లో పెళ్ళయింది. మామగారు తిరుమలసామి పాతకాలం వ్యాపారి. రైతు బస్తాలు దించగానే ధర మాట్లాడరు. కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, వాన పడిందా అని అడుగుతారు. "ధరకొచ్చినోడు ధరకే పోతాడు. మజ్జిగకొచ్చినోడు కొడుకునీ తోడుకొని వస్తాడు" అంటారట. కర్పగం కొన్నేళ్ళు ఒక బడిలో పనిచేసి మానేసింది. తర్వాత ఆ మండీ మీది గదిలోనే కోచింగ్ పెట్టింది. కిందినుంచి మిరప ఘాటు వస్తుంది. వేరేవాళ్ళయితే గది మార్చేవారు. ఈమె మాత్రం క్లాసు మొదలుపెడుతూ, "తుమ్మేవాళ్ళంతా ఒక్కసారే తుమ్మండి" అంటుందట. పిల్లలంతా తుమ్మి, నవ్వి, అప్పుడు పుస్తకం తెరుస్తారట.

చేరడానికి వచ్చిన పిల్లను మార్కులు అడగదు. ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు అని అడిగి, ఆ పేరుతోనే పిలుస్తుంది. తల్లిదండ్రుల్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడదు. పరీక్షకు ముందురోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, చదివావా అనకుండా ఏం తిన్నావు అంటుంది. ఇక శనివారం శనివారం ఆ వారంలోకెల్లా మంచి తప్పు ఎవరిదో పిల్లలే ఎంచుతారు. ఆ తప్పు చేసినవాళ్ళకు శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా.

"ఇందులో లెక్కలెక్కడున్నాయి? అంతా వేషం" అని మా ఆయనతో అనేదాన్ని. ఆయన మాట మార్చేవారు. మా అత్తగారు పాపమ్మాళ్ మార్చేది కాదు. "వేషమైతే ఏమి, జనం పోతా ఉండారు కదా. నీదాంట్లో వేషమూ లేదు, జనమూ లేదు" అనేది.

నా అసలు దిగులు మా అమ్మాయి కార్తిక. నాలుగో క్లాసు. సాయంత్రం మా ట్యూషన్‌లోనే మిగతా పిల్లలతో కూర్చుంటుంది. ఆ ఏడాది లెక్కల్లో తప్పులు చేయడం మొదలుపెట్టింది. అన్నీ కావు, కొన్ని. అవైనా చిన్న తప్పులు కావు. తొంభై అగ్గిపెట్టెల్లో పది అమ్మితే ఎన్ని మిగులుతాయి అంటే ఎనిమిది వందల తొంభై అని రాసేది. అదే లెక్క ఇంట్లో అన్నం తింటూ అడిగితే, "ఎనబై" అని టక్కున చెప్పేది. కళ్ళ డాక్టరుకు చూపించాను. రక్త పరీక్ష చేయించాను. ఫోన్లో లేనిపోని జబ్బుల గురించి చదివి నిద్ర పాడుచేసుకున్నాను. తర్వాత చదువుకున్నదాన్ని కాబట్టి ప్రయోగంలా చేశాను. ఒకసారి కూర్చునే చోటు మార్చాను, ఒకసారి వేళ మార్చాను, ఒకసారి ముందుగా తినిపించి కూర్చోబెట్టాను. ఏం మార్చినా ఫలితం ఒకటే. ఇంట్లో ఒప్పు, ట్యూషన్‌లో తప్పు. ఇక మిగిలింది ఒకటే కారణం. పాఠం చెప్పే నేనంటే భయం. నా దగ్గర చదువు రాదు. ఆ మాట నాకు నేను చెప్పుకున్న రోజు చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయాను.

అప్పుడు సిగ్గు విడిచి కర్పగాన్ని కాపీ కొట్టాను. పాల్కోవా తెప్పించి, మంచి తప్పుకు బహుమతి అని ప్రకటించాను. మర్నాటికి ఒకడు రెండు రెళ్ళు పదహారు అని రాశాడు. ఇంకొకడు వాడికంటే పెద్ద తప్పు చేస్తానని ఆరు పక్కన సున్నాలు పెట్టుకుంటూ పేజీ చివరిదాకా పోయాడు.

అత్తగారు గుమ్మంలోంచి, "తప్పుకు మిఠాయి అంటే ఇంక దొంగతనానికి దోసె పోస్తావా?" అంది. పిల్లలు విరగబడి నవ్వారు. కార్తిక నవ్వలేదు. తన పలకను పావడా కింద దాచుకుంది. చూపించమంటే, "నాది నిజం తప్పమ్మా" అంది.

ఆ మాట విన్నాక ఆగలేకపోయాను. ఆ శనివారం పిల్లను తీసుకుని విరుదునగర్ బయలుదేరాను. ఎక్కడికని అత్తగారు అడిగితే దాచలేదు.

"బాగుండాది. ఇడ్లీ అంగడి పెట్టినామె బిడ్డను పక్కంగడికి తిననీకి పంపినట్ల. చూసినోళ్ళు నీ ఇడ్లీ తింటారా ఇంక?"

"బిడ్డ తినాల కదా అత్తా" అన్నాను. ఆమె కార్తిక జడకు పువ్వు పెట్టి పంపింది.

కర్పగం నన్ను చూసి కేక పెట్టింది. "ఏమే వాసుకీ! ఇంత దవ్వు వచ్చినావా? కూసో, కూసో." కార్తికకేసి తిరిగి, "ఇంట్ల ఏమని పిలుస్తారు నిన్ను?" అంది.

"చిట్టి."

"చిట్టీ, నువ్వు ఈడ కూసో." అంతే. నా వైపు చూడకుండా పోయి మొదటి వరసలో కూర్చుంది నా కూతురు. ఇంట్లో ఆ పేరుతో పిలిచేది నేనొక్కదాన్నే.

వెనక కుర్చీలో కూర్చుని తప్పులు వెతికాను. బోర్డు మీద ఆమె అక్షరాలు ఇప్పటికీ వంకరే. ఒకచోట కూడిక తప్పు వేసింది, పిల్లలు అరిస్తే చెరిపేసింది. నేనైతే అలా వేయను అనుకున్నాను. అంతలో ఆమె తమిళంలో ఒక లెక్క చెప్పింది. అందులో తొంభై ఉంది. కార్తిక పలక ఎత్తింది. మళ్ళీ వందల్లోనే రాసింది. పక్కపిల్ల కిసుక్కుమంది.

కర్పగం తప్పు అనలేదు. వచ్చి పిల్ల ముందు కింద కూర్చుంది. "ఇది ఎట్ల వచ్చె చిట్టీ?" అని తెలుగులో అడిగి ఊరుకుంది. పిల్ల మాట్లాడలేదు. కర్పగం కదల్లేదు, ఇంకో ప్రశ్న వేయలేదు. అంతసేపు నేనెప్పుడూ ఊరుకోలేదు.

చివరికి కార్తిక గొణిగింది. "తొణ్ణూరు అంటే తొమ్మిది నూర్లు కదా."

కర్పగం ఒక్క క్షణం నోరు తెరిచింది. ఆపైన పగలబడి నవ్వింది. "అవును కదే! అట్లయితే తొళ్ళాయిరం?"

"తొమ్మిది వేలు" అంది కార్తిక, అది కూడా తెలియదా అన్నట్టు.

తమిళంలో తొంభైని తొణ్ణూరు అంటారు, తొమ్మిది వందలను తొళ్ళాయిరం అంటారు. ఇంట్లో తొంభై, నూరు అంటూ పెరిగిన పిల్ల చెవికి ఒకదాంట్లో నూరు వినిపించింది, ఒకదాంట్లో ఆయిరం, అంటే వెయ్యి, వినిపించింది. నేను ఇంట్లో తెలుగులో అడుగుతాను, ట్యూషన్‌లో తమిళంలో చెబుతాను. గడప దాటగానే భాష మారుతుంది, మారినట్టు మాకే తెలియదు. వేళ మార్చాను, తిండి మార్చాను, చోటు మార్చాను. భాష ఒకటి ఉందని తోచలేదు.

కర్పగం లేచి క్లాసుకు తమిళంలో చెప్పింది. "చిట్టి అడిగింది న్యాయమే. తొంభైలో నూరు ఎందుకుంది? నాకూ తెలీదు. ఎవరికైనా తెలుసా?" ఎవరికీ తెలియదు. చేతులన్నీ కార్తిక వైపు లేచాయి. పాల్కోవా పొట్లం ఆమెకిచ్చారు. నా కూతురు రెండు చేతులతో పట్టుకుని నిలబడిన తీరు చూస్తే నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. దానికంటే ముందు మంట కలిగింది. ఆ తప్పు నాది. నా ఇంట్లో పుట్టి, నా ముందే పెరిగింది. పేరు మాత్రం ఆమె కొట్టేసింది.

క్లాసయ్యాక కర్పగం నా పక్కన కూర్చుంది. "దీనికి ఏమీ లేదు వాసుకీ. నీ దగ్గరే తెలుగులో సెప్పు, సరిపోతాది. ఈడికి రావల్సిన పని లేదు."

వచ్చినవాళ్ళను వెనక్కి పంపగలిగినంత నిండుగా ఉంది ఆమె గది. దానికీ కుళ్ళుకున్నాను. సరేనని వెనక్కొస్తే నా పరువు నిలిచేది, పిల్ల నా దగ్గరే ఉండేది. ఊరికే, ఇంటికాడే అంటుందన్న ఆశతో కార్తికను అడిగాను. "ఏమంటావు చిట్టీ? ఇంటికాడనా, ఈడనా?"

"ఈడ" అంది. ఆలోచించను కూడా లేదు. తర్వాత నా మొహం చూసి, "నీ దగ్గర ఇంట్లోనూ సదువుకుంటాలే అమ్మా" అని కలిపింది.

చేర్చాను.

మూడో వారమో నాలుగో వారమో, తల్లులు కూర్చునే వరండాలో ఉన్నాను. పక్కన కొత్తగా వచ్చిన ఒకామె, కోవిల్‌పట్టి మనిషే, కొడుకును ఒళ్ళో పెట్టుకుని తమిళంలో మాట కలిపింది. "మా ఊళ్ళోనే ఒక టీచరమ్మ ఉందంటక్కా, స్టేషన్ దారిలో. పెద్ద చదువట. కానీ ఆమె తన బిడ్డనే ఇక్కడ చేర్చిందని చెప్పారు. ఇంక మేమెట్లా పంపుతాం?"

నేను లోపలికి చూశాను. పిల్లలంతా ఒక్కసారిగా తుమ్మారు. నవ్వుల్లో కార్తిక నవ్వు వేరుగా తెలుస్తోంది.

"ఆ టీచర్ని నేనే" అన్నాను.

ఆమె నాలుక కరుచుకుంది. కాసేపు కొడుకు చొక్కా సర్దింది. తర్వాత ధైర్యం చేసి, "అయితే మీకు తెలిసే ఉంటుంది కదక్కా. నిజం చెప్పండి. ఈమె బాగా చెబుతుందా?" అంది.

వంకర అక్షరాల గురించి చెప్పొచ్చు. కూడిక తప్పు గురించి చెప్పొచ్చు. ల్యాబులో లోలకం గురించి చెప్పొచ్చు. అన్నీ నిజాలే, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ పిల్లవాడు తల్లి కొంగు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"చేర్చు" అన్నాను. "నాకంటే బాగా చెబుతుంది."