మూడు చప్పుళ్ళు

బరంపురంలో అప్పడాల కాశయ్య అంటే దుకాణం చూపిస్తారు. నాటకాల కాశయ్య అంటే చెయ్యెత్తి దండం పెడతారు. రెండూ ఒకే మనిషి. ఏడాదంతా అప్పడాల కట్టలు కట్టుకునే ఆయన, దసరా వెళ్ళిన ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ళ సంఘం హాల్లో, పరువు కోసం గుండె రాయి చేసుకున్న తండ్రి అయిపోతాడు. పాతికేళ్ళుగా అదే నాటకం, అదే వేషం. జనానికి విసుగు పుట్టదా అంటే, పుట్టదు మరి. పొద్దస్తమానం ఒడియాలో బేరాలాడుకునే మనవాళ్ళకి ఏడాదికోసారైనా తెలుగులో ఏడవాలని ఉంటుంది.

కథ పెద్దదేం కాదు. కూతురు తనకు నచ్చినవాణ్ణి కట్టుకుని వెళ్ళిపోతుంది. పరువు పోయాక బతుకెందుకంటాడు తండ్రి. తప్పు చేసినా బిడ్డ బిడ్డేనంటుంది తల్లి. మగవాళ్ళు తండ్రికి చప్పట్లు కొడతారు, ఆడవాళ్ళు తల్లి మాటకి ముక్కు చీదుతారు. చివరి రంగంలో కూతురు తిరిగొచ్చి తలుపు కొడుతుంది. తండ్రి తలుపుకి వీపు ఆనించి, "గడప దాటిన కాలికి ఈ ఇంట్లో పీట లేదు" అంటాడు. తెర పడుతుంది. కూతురి వేషం వేసిన అమ్మాయి అప్పటికే రంగు కడుక్కుని ఇంటికి పోయి ఉంటుంది. చివర్లో ఆమెతో పనేముంది, చప్పుడే కదా! తలుపేమో అట్టది, కొడితే మోగదు. అందుకని దాని వెనకాల, మాటలందించే ప్రాంప్టరు సూరయ్య చెక్క మీద కర్రతో కొట్టేవాడు.

కాశయ్య కూతురు వసుధ ఏడేళ్ళప్పుడు ఆ కర్ర తనకిమ్మని పేచీ పెట్టింది. ఆనాటి నుంచి చప్పుడు దానిదే. సూరయ్య మూడూ ఒకేలా కొట్టేవాడు. వసుధ ఒకటి కొట్టి, ఆగి, వెంటవెంటనే రెండు కొట్టేది. అలా కొడతావేటే అని తండ్రి అడిగితే, "మొదటిది బయ్యం నాన్నా. తరవాత ఉండబట్టలేదు" అంది. పరీక్షలున్నా జ్వరమొచ్చినా, పదిహేనేళ్ళు ఆ కర్ర మీద మరో చెయ్యి పడనివ్వలేదు.

ఆ వసుధే పురుషోత్తంపూర్ బడిపంతులు దిలీప్‌ని పెళ్ళి చేసుకొచ్చి గుమ్మంలో నిలబడింది. కోపంలో మనుషుల నోటికి ఏదొస్తే అది అంటారు. కాశయ్య నోటికి వచ్చింది ఆ డైలాగే. గొంతు కూడా స్టేజి గొంతే, వీధి వీధంతా విన్నది. దిలీప్‌కి తెలుగు రాదు కనక, పాపం, అతనొక్కడే నవ్వుమొహంతో నిలబడ్డాడు. వసుధ అతని చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. అది జరిగి ఆరేళ్ళు.

అన్న మాట వెనక్కి తీసుకోవడానికి కాశయ్యకి మనసు లేక కాదు, మొహం లేక. గురువారం గురువారం భార్య ఉమాదేవి కూతురికి ఫోన్ చేసేది. అప్పుడు కాశయ్య పక్కగదిలో ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుకుంటూ, ఆ గొంతు కోసం చెవులు రిక్కించేవాడు. కూతురికి ఇష్టమైన ఇంగువ అప్పడం కంచంలో పడిన రోజు ముద్ద దిగేది కాదు. ఉమాదేవి ఊరుకునే రకమా? ఒకనాడు వడ్డిస్తూ వడ్డిస్తూనే అనేసింది. "నాటకం అయిపోతే అందరూ మొకం కడుక్కుంటారు. మీరే ఇంకా కడుక్కోలేదు."

మొన్న దసరాకి మళ్ళీ అదే నాటకం, చివరి రంగం. వసుధ వెళ్ళాక కర్ర మళ్ళీ సూరయ్య చేతికొచ్చింది, ఆయనకి ఈమధ్య చెయ్యి వణుకు. ఒకటి కొట్టాడు, కర్ర జారిపోయింది. తడుముకుని అందుకుని, ఆలస్యమైపోయిందన్న కంగారులో గబగబా రెండు కొట్టాడు.

కాశయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు. అది వసుధ చప్పుడు. పాతికేళ్ళుగా ఎవరూ తెరవని ఆ తలుపుని రెండు చేతులా లాగేశాడు. "ఒచ్చేవా తల్లీ" అన్నాడు.

ఎదురుగా సూరయ్య. ఒంటి మీద చొక్కా లేదు, ముక్కు చివర కళ్ళజోడు, ఒక చేత పుస్తకం, ఒక చేత కర్ర. హాలు గొల్లుమంది. నటుడు మాట మరిచిపోయాడనుకుని, అలవాటు కొద్దీ, సూరయ్య మెల్లిగా అందించాడు: "గడప దాటిన కాలికి..."

కాశయ్య అందుకోలేదు. సూరయ్య వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని, రంగు కన్నీళ్ళతో కారిపోతుంటే అలా చూస్తూనే ఉండిపోయాడు. నవ్వు దానంతటదే ఆగింది. ఎవరో తెర లాగేశారు.

మర్నాడు దుకాణం తియ్యలేదు. ఇంగువ అప్పడాల కట్ట సంచిలో పెట్టుకుని, పురుషోత్తంపూర్ బస్సెక్కాడు. దారి పొడుగునా కూతురితో అనాల్సిన మాటలు వల్లె వేసుకున్నాడు. ఊళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి పంతులుగారి ఇల్లు పట్టుకునేసరికి పదకొండయింది. తలుపు వేసి ఉంది. లోపల అంట్లు తోముతున్న చప్పుడు. ఒకసారి కొట్టాడు.

"కియే?" అంది వసుధ లోపలినుంచి, ఎవరూ అని ఒడియాలో.

కాశయ్య వల్లె వేసిందంతా ఎటో పోయింది. పాతికేళ్ళు తలుపుకి ఇవతల నిలబడి ఆడినవాడు. అవతల నిలబడ్డవాళ్ళకి ఆ నాటకంలో ఒక్క మాట కూడా లేదు. అందించడానికి సూరయ్యా లేడు. చెయ్యి మళ్ళీ ఎత్తి, వెంటవెంటనే రెండు కొట్టాడు.

అంట్ల చప్పుడు ఆగిపోయింది.

"నాన్నా?" అంది వసుధ.