ముందు ఇంగ్లీషులో చెప్పు

గుమ్మం దాటి లోపలికొస్తే తెలుగు మాట్లాడకూడదు. విజయవాడలో నేను నడిపే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో అదే మొదటి నియమం. మంచినీళ్లు తాగాలన్నా, బయటికి వెళ్లాలన్నా ఆ రోజు బోర్డు మీద రాసిన నానుడిని వాక్యంలో పెట్టి అడగాల్సిందే. నా దగ్గర చేరితే మూగవాడికైనా నోరొస్తుందని నలుగురూ అంటుంటే నాకు కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఆ వారమంతా కాలం మీద నానుడులు. ‘బెటర్ లేట్ దాన్ నెవర్’ అంటే అసలు రాకపోవడం కన్నా ఆలస్యంగా రావడం నయం అని చెప్పాను. మర్నాటి నుంచి ఆలస్యంగా వచ్చిన ప్రతివాళ్లూ దాన్ని నాకే అప్పజెప్పారు. ఆ మధ్యాహ్నం ‘ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్’ రాశాను. ఇంకొక్క క్షణమైతే చెయ్యి దాటిపోతుందనగా అందుకోవడం అన్నమాట.

వన్ టౌన్‌లో బట్టల కొట్టులో పనిచేసే ఒకమ్మాయి భోజనం వేళలో క్లాసుకి వచ్చేది. ఇల్లు హనుమాన్ జంక్షన్‌లో, బస్సులో గంట దూరం. రిసెప్షనిస్టు ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చుకుంటోంది. క్లాసు మధ్యలో ఆమె ఫోను మోగింది. విని, లేచి నిలబడింది.

“మాస్టారూ, నేను వెళ్లాలండీ. మా నాన్నకి...”

“ముందు ఇంగ్లీషులో చెప్పు,” అన్నాను.

‘మై ఫాదర్’ అని ఆగిపోయింది. బోర్డు వైపు చూసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. సంగతి తెలియక చేశానని ఎవరితోనైనా అనొచ్చు. ఆమె మొహం చూస్తే తెలియదా? తెలిసింది. అయినా ఒక్కో మాటా అందిస్తూ వాక్యం పూర్తి చేయించాను. పైగా క్లాసు చేత చప్పట్లు కొట్టించాను. ఆ చప్పట్లు ఆగకముందే ఆమె మెట్లు దిగి పరుగెత్తింది.

బస్టాండుకి వెళ్లేసరికి బస్సు కళ్లముందే కదిలిపోయిందట. తర్వాతది పట్టుకుని ఇల్లు చేరేసరికి తండ్రి పోయాడు. అప్పటిదాకా అమ్మాయి వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడట. పక్క బెంచీ పిల్ల నాకీ మాట చెప్పినప్పుడు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. నేనామెను నిలబెట్టింది ఎంతసేపు? అయిదు నిమిషాలా, పదా? గడియారమైనా చూడలేదు. ఇప్పుడు లెక్కలు వేసుకోవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. క్లాసు ఖాళీగా ఉన్నప్పుడు మెట్ల మీద పరుగు చప్పుడు వినిపిస్తుంది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు.

పెద్దకర్మ అయ్యాక ఆమె మళ్లీ వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండునని కూడా అనుకున్నాను. నా బల్ల దగ్గరికొచ్చి తెలుగులోనే, మెల్లగా అంది.

“ఆ రోజు గబుక్కున చెప్పలేకపోయానండీ. నాకు ఇంగ్లీషు వచ్చుంటే నాన్నని చూసుకునేదాన్ని. ఈసారి బాగా నేర్చుకుంటానండీ.”

తప్పు నీది కాదమ్మా, నాది అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. క్లాసంతా నన్నే చూస్తోంది. సిగ్గులేని మనిషిని, తలూపి కూర్చోమన్నాను. ఆమె ముందు బెంచీలో కూర్చుని నోటుబుక్కు తెరిచింది.