పెద్దమ్మ, టీవీ, మధ్యలో నిచ్చెన

పెద్దమ్మకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. టీవీతో మాట్లాడుతుంది. టీవీ మీద అరిచేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. పెద్దమ్మ అలా కాదు, మాట్లాడి, జవాబు కోసం ఆగుతుంది. వార్తలు చదివే అమ్మాయితో "గొంతు బొంగురుపోయింది, కాస్త వేణ్ణీళ్లు తాగు తల్లీ" అంటుంది. వాతావరణం చెప్పే ఆయన్ని "నిన్నా ఇదే మాట అన్నావు, ఆరేసిన బట్టలన్నీ తడిశాయి" అని నిలదీస్తుంది. పెదనాన్నకు ఆమెతో మాట్లాడే వీలు ప్రకటనలు వచ్చినప్పుడే దొరుకుతుంది.

ఇక సాయంత్రం ఏడింటికి వచ్చే హాస్య సీరియల్ మొదలైతే ఆమెను పట్టేవాళ్లు లేరు. అందులో నాయిక బొద్దుగా, పొట్టిగా ఉంటుంది. తనలో తనకు ఏదీ నచ్చదు. ఒకరోజు జుట్టుకు రంగు పూసుకుంటుంది, ఒకరోజు ఎత్తుమడమల చెప్పులేసుకుని మెట్ల మీంచి దొర్లుతుంది. చివర్లో అద్దం ముందు నిలబడి, "నేను నాలాగే ఉంటే చాలదా?" అని అడుగుతుంది.

"చాలు!" అని పెద్దమ్మ కేక.

పైవాటాలో ఉండే దర్జీ ఉలిక్కిపడి, నేల మీద కర్రతో టకటకా కొడతాడు. పెద్దమ్మ స్టూలెక్కి, చీపురు కర్రతో కప్పును తిరిగి కొడుతుంది. ఇది రోజూ ఉన్నదే.

ఆ ఇంట్లోనే ఉంటోంది పెద్దమ్మ చెల్లెలి కూతురు. ఆరడుగుల పొడుగు. చిన్నప్పుడు బడిలో పెట్టిన పేరు నిచ్చెన. ఆ పేరు మళ్లీ ఎవరి నోట వినాల్సి వస్తుందోనని ఎక్కడికెళ్లినా వీపు వంచుకుని, మెడ ముడుచుకుని నడిచేది. లెక్కలు చెప్పడంలో మాత్రం దిట్ట. మొన్నొక బడిలో ఉద్యోగం కోసం నమూనా పాఠం చెప్పడానికి వెళ్లి, లోపలికి అడుగుపెడుతూనే ద్వారబంధానికి తల కొట్టుకుంది. పిల్లలు గొల్లుమన్నారు. సుద్దముక్క అక్కడే పారేసి, ఇంటికొచ్చి గది తలుపేసుకుంది.

ఆ మర్నాటి నుంచే పెద్దమ్మ జబ్బు ముదిరింది.

"వీపు నిటారుగా పెట్టవే! ఆ పొడుగు ఎవరి దగ్గరన్నా దొంగిలించావా?" అని టీవీని గదమాయించింది. టీవీలో నాయిక మునివేళ్ల మీద లేచి, పై అరలో చక్కెర డబ్బా అందక అవస్థ పడుతోంది.

"పెద్దమ్మా, ఆవిడ పొట్టి" అంది నిచ్చెన తలుపు సందులోంచి.

"మా ఇద్దరి మధ్యకి నువ్వు రాకు."

నిచ్చెన పెదనాన్నను పక్కకు పిలిచింది. "పెద్దమ్మను కళ్ల డాక్టరుకు చూపిద్దామా?"

"కళ్లు బాగానే ఉన్నాయమ్మా" అన్నాడాయన, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని.

ఇంతలో మరో బడి నుంచి ఉత్తరం వచ్చింది, సోమవారం పదకొండింటికి వచ్చి పాఠం చెప్పమని. నిచ్చెన దాన్ని పుస్తకంలో దాచేసింది. ఈసారి వెళ్లేదే లేదనుకుంది. ఆ సాయంత్రం పెద్దమ్మ టీవీతో, "ఉత్తరాన్ని పుస్తకంలో దాచితే పిల్లల్ని పెడుతుందా?" అంది. నిచ్చెన గబుక్కున పుస్తకం తెరిచి చూసుకుంది. కానీ సీరియల్లో నిజంగానే ఒక పోస్ట్‌మాన్ కనబడేసరికి సరిపెట్టుకుంది.

ఆదివారం సరిగ్గా ఏడింటికి టీవీ ఫట్‌మంది. సన్నగా పొగ కూడా వచ్చింది. పెదనాన్న ప్లగ్గు పీకేశాడు. పెద్దమ్మ ఇక ఏమైపోతుందోనని నిచ్చెన గదిలో కంగారు పడుతుండగానే, ముందు గదిలోంచి అదే గొంతు మొదలైంది.

"రేపు తలుపు దగ్గర వంగు. అక్కడొక్కచోటే. లోపలికెళ్లాక వంగావో, ఊరుకునేది లేదు!"

నిచ్చెన బయటికొచ్చి చూసింది. టీవీ నల్లగా ఉంది. ప్లగ్గు కుర్చీ చేతి మీద వేలాడుతోంది.

"పెద్దమ్మా, టీవీ పాడైపోయింది."

"తెలుసు. అందుకే ఇవాళ అడ్డురాకుండా వింటోంది."

"మరి ఎవరితో మాట్లాడుతున్నావు?"

పెద్దమ్మ నల్లటి తెర మీంచి చూపు తిప్పలేదు. టీవీకే చెప్పుకుంది. "ముఖం మీద చెబితే తలుపేసుకుంటుంది. నీతో చెబితే తలుపు సందులోంచి వింటుంది. నన్నేం చెయ్యమంటావు?"

నిచ్చెనకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, పెద్దమ్మ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. లోపలికెళ్లి ఉత్తరం తెచ్చి టీవీకి ఆనించి నిలబెట్టింది.

సోమవారం పదకొండింటికి తలుపు దగ్గర వంగింది. లోపల నిటారుగా నిలబడింది.

"అబ్బో! ఎంత పొడుగో!" అంది మొదటి బెంచీ. గదంతా నవ్వులు. అయినా వీపు వంగలేదు.

"ఆరడుగులు" అంది నిచ్చెన. "మరి ఈ బోర్డు ఎంతమంది టీచర్ల పొడవుంటుందో ఎవరు చెబుతారు?"

అంతే! పిల్లలు బెంచీలు దాటుకుని వచ్చిపడ్డారు. ఆమె పొడుగుకు సరిపడా దారం తెంపి, కనబడిన ప్రతిదాన్నీ కొలిచారు. బోర్డు ఒకటిన్నర టీచర్లు! గది నాలుగు టీచర్లు! వరండా పదకొండు! వెనక కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ కూడా ఆగలేక లేచొచ్చి, "కాదు కాదు, పన్నెండు! మళ్లీ కొలవండి!" అని పిల్లలతో వాదానికి దిగింది.

నిచ్చెన ఇంటికి పరుగున వచ్చింది. టీవీని బాగుచేయించడానికి పట్టుకెళ్లినట్టున్నారు, బల్ల ఖాళీగా ఉంది. దానికి ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ, వీధి తలుపు వైపు చూడకుండా బల్లనే అడిగింది. "ఏమే, ఏమైంది?"

నిచ్చెన కూడా బల్లతోనే అంది. "ఉద్యోగం వచ్చిందని మా పెద్దమ్మకు చెప్పు."

పెద్దమ్మ వేసిన కేకకు పైన దర్జీ కర్ర టకటకలాడింది. ఆమె స్టూలు కోసం లేచేలోగా నిచ్చెన చీపురు కర్ర అందుకుంది. నిటారుగా నిలబడి, చెయ్యెత్తి, కప్పును టకటకా కొట్టింది.

"చూశావా?" అంది పెద్దమ్మ బల్లతో. "మా పిల్లకు స్టూలు కూడా అక్కర్లేదు!"