కనబడని జలాంతర్గామి వినబడిన రోజు

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో రేపల్లెలోని నాయనమ్మ ఇంటి వరండా మాకు సముద్రం. గచ్చు మీద సుద్దముక్కతో అలలు గీసి, ఎవరి వేషంలోకి వాళ్ళం దూరిపోయేవాళ్ళం.

విశాఖపట్నం నుంచి వచ్చిన మా అత్త కొడుకు శామ్యూల్ యుద్ధనౌక కెప్టెన్. మా చెల్లి గ్రేస్ జలాంతర్గామిలో తిరిగే మంత్రగత్తె. కథ నడిపేది, తీర్పు చెప్పేది నేను...

ఒక పొద్దున గ్రేస్ ఏదో మంత్రం చదివి జలాంతర్గామితో సహా మాయమైపోయింది. శామ్యూల్ బావ గరిటెతో కంచం మీద టంగుమని ఒక్కటి కొట్టి, "దొరికావు" అన్నాడు.

"మాయమయ్యానుగా బావా, ఎట్టా కనబడతా?"

"చూశానని అన్నానా ఏంటి? సోనార్‌తో విన్నా. నీళ్ళలోకి శబ్దం పంపితే నీ జలాంతర్గామికి తగిలి వెనక్కొస్తుంది. ఇంక కంటితో పనేముంది?"

ఇద్దరూ నా వైపు చూశారు. నాకేం తెలుసు... సుద్దముక్కతో ఇంకో అల గీస్తూ కూర్చున్నాను. గ్రేస్ కళ్ళనీళ్ళు పెట్టుకుని లేచిపోయింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర బావ పక్కన కూర్చోలేదు. మర్నాడే బావ ప్రయాణం... మళ్ళీ ఏడాదికి గానీ రాడు. ఇలా మాటల్లేకుండానే వెళ్ళిపోతాడేమోనని నాయనమ్మకి చెప్పేశాను.

సంగతంతా విన్న నాయనమ్మ మజ్జిగ పోస్తూ, "అలిగితే తేలుద్దా అమ్మా? పెరట్లో తొట్టి నిండా నీళ్ళున్నాయిగా. పోయి విని చూసుకోండి" అంది.

గ్రేస్ కళ్ళు గట్టిగా మూసుకుని తొట్టిలో తల ముంచింది. అటు చివర బావ నీళ్ళలోనే రెండు రాళ్ళు ఒకదానికొకటి కొట్టాడు. చెల్లి తల ఎత్తింది... జడల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"వినబడింది" అంది మెల్లగా. "చెవి పక్కనే కొట్టినట్టుంది."

గెలిచానని బావ ఎగరలేదు. "కావాలంటే శబ్దాన్ని మింగేసే మంత్రం వేసుకో. అప్పుడు నా సోనార్ పనిచెయ్యదు" అన్నాడు.

గ్రేస్ తల అడ్డంగా ఊపింది. "అది నా గొంతు కూడా మింగేసుద్దిగా బావా. తర్వాతి మంత్రం ఎట్టా చదవను?"

అంతే... తొట్టి గట్టు మీద కూర్చుని పొద్దుగూకేదాకా వాదించుకున్నాం. నాయనమ్మ తువ్వాలుతో తల తుడుస్తున్నా గ్రేస్ మాట ఆపలేదు. మర్నాడు స్టేషన్లో రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి బావకి కొత్త మంత్రాలు చెబుతూనే ఉంది.

ఇప్పుడు మా పిల్లల ఫోను ఆటల్లో ఏ మంత్రం దేని మీద పనిచేస్తుందో ముందే నిర్ణయించి ఉంటుంది. తగవే రాదు... తేల్చుకోవడానికి ఒకరి పక్కన ఒకరు కూర్చోవాల్సిన పనీ లేదు.

మీ ఇళ్ళలో ఆటల తగవులు ఎవరు తీర్చేవాళ్ళండీ? చెప్పండి, వినాలనుంది...