మూడో శబ్దం

ఎల్లారావు పొద్దున్న ఆరింటికి నాలుక గీసుకుంటే వన్ టౌన్‌లో ఆ సందు మొత్తం లేచి కూర్చునేది. నాలుక బద్ద నోట్లో పెట్టి, నడుం వంచి, గొంతు అడుగునుంచి కాండ్రించి, చివర్న ఒక గరగర లాగి ఉమ్మేవాడు. ఒక్కసారితో పోయేది కాదు, ఇరవైసార్లు. అద్దెకున్న నాలుగు కుటుంబాలవాళ్ళూ ఆ పావుగంటా నోట్లో టీ చుక్క వేసుకునేవాళ్ళు కాదు. ఇంటి యజమాని కాబట్టి పైకి ఎవరూ కిక్కురుమనేవాళ్ళు కాదు.

అద్దెకున్నవాళ్ళలో సీతాలు మాత్రం ఆ వారమంతా ఆరయ్యేసరికి తలుపు సందులోంచి అతని మెడకేసి చూస్తూ నిలబడింది.

ఆమెకి ఇరవై మూడేళ్ళు. ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. తల్లి కాంతం పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయలు అమ్ముతుంది. సీతాలు మధురవాడలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో గదులు తుడిచి, టీలు అందిస్తుంది. అక్కడ ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ.

ఆ కంపెనీవాళ్ళు రాతిమనుషుల ఆట ఒకటి తయారుచేస్తున్నారు. రాతిమనుషులు మనుషుల్లా మాట్లాడితే ఏం బాగుంటుందని దేవీప్రసాద్ అనే అతను ఏడాది కూర్చుని వాళ్ళకో భాష కల్పించాడు. దాని పేరు ఖొర. అందులో మూడు శబ్దాలు గొంతులోనే పుట్టాలి. మొదటిది గిన్నె అడుగు గోకినట్టుంటుంది. రెండోది నీళ్ళు పుక్కిలించినట్టుంటుంది. మూడోదానికి ఏ పోలికా లేదు, రాయడానికి అక్షరమూ లేదు. దేవీప్రసాద్ దానికి గుండ్రంగా ఒక సున్నా చుట్టి, మధ్యలో గీత గీశాడు. ఆ శబ్దం రాకపోతే రాతిమనుషుల రాణికి మాటలే లేవు.

రాణి గొంతుకి యశస్వినిని పిలిచారు. డిగ్రీ చదివింది, రేడియోలో మాట్లాడింది, తేనెలాంటి గొంతు. మూడో శబ్దం దగ్గరకొచ్చేసరికి ఆ తేనెలో ఈగ పడ్డట్టు దగ్గేది. ఓ మధ్యాహ్నం రికార్డింగ్ గది బయట తుడుస్తూ సీతాలు తనలో తను రెండో శబ్దం గొణుక్కుంటుంటే, సౌండు చూసే సాయిశంకర్ విన్నాడు.

"సార్, ఈ పిల్ల ఎవరికన్నా బాగా అంటంది. ఓసారి వినండి."

దేవీప్రసాద్ విన్నాడు. మెచ్చుకోలేదు.

"చేపల్ని సేపలనే నోరు. దీనికి మూడోది వస్తుందా?" అని యశస్విని వైపు చూసి నవ్వాడు. తర్వాత సీతాలుకి రాణి మాట ఒకటి రాసిన కాగితం, ఫోన్లోకి తన గొంతుతో ఒక ఆడియో ఇచ్చాడు. "శనివారం ఇద్దరూ చెప్పండి. రాకపోతే నీ చీపురు నీకుంది."

ఆ రాత్రి సీతాలుకి నిద్ర పట్టలేదు. బడి మానేసిన దగ్గర్నుంచి ఏ కాగితం చేతికొచ్చినా, తనకంటే ముందు దాన్ని చదివేసినవాళ్ళే చుట్టూ ఉండేవాళ్ళు. ఈ భాషని మాత్రం ఎవరూ ఏ బళ్ళోనూ చదవలేదు. ఇందులో యశస్వినీ ఒకటో తరగతే, తనూ ఒకటో తరగతే. ఇక్కడా వెనకబడితే ఇక చెప్పుకోడానికి సాకు లేదు.

గొంతు బిగించమని దేవీప్రసాద్ ఆడియోలో చెప్పాడు. బిగిస్తే దగ్గే వచ్చింది. ఎల్లారావుని చూశాక తెలిసింది, అతను బిగించడం లేదు. నాలుక బద్ద నాలుకని కిందికి అదిమి పెడుతుంది. గెడ్డం గుండెకి ఆనుతుంది. గొంతు వదులై ఊపిరి ఒక్కసారి కిందినుంచి రాసుకుంటూ వస్తుంది. సీతాలు కూడా స్టీలు నాలుక బద్ద ఒకటి కొనుక్కుని, స్నానాల గదిలో తలుపేసుకుని మొదలుపెట్టింది. మూడోనాటికి శబ్దం వచ్చింది. బద్ద తీసేస్తే పోయింది. మైకు ముందు నోట్లో స్టీలు పెట్టుకుని మాట్లాడనివ్వరు.

శుక్రవారం పొద్దున్న ఆమె స్నానాల గదిలోంచి బయటికొచ్చేసరికి కుళాయి దగ్గర అందరూ పని ఆపి చూస్తున్నారు. ఎల్లారావు నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. పక్కన భార్య గంగాలమ్మ.

"ఒలే గుంటా, వారం నుంచి సూత్తన్నాను. నా పీక కేసి గుడ్లప్పగించి సూడ్డం, లోపలికెల్లి నాలాగే కాండ్రించడం. ఏటది?"

"ఏటీ లేదు తాతా. ఆపీసు పని."

"కాండ్రించే ఆపీసా?" అంది గంగాలమ్మ. "మా ముసిలోడిక్కూడా ఓ కుర్సీ ఎయ్యమను. పెద్ద ఆపీసరైపోతాడు."

కుళాయి దగ్గర నవ్వులు లేచాయి. ఎల్లారావు నవ్వలేదు.

"ముప్పయ్యేళ్ళు పోర్టులో బొగ్గు మింగితే వచ్చిన రోగమే ఇది. పొద్దున్న ఈ పావుగంటా కక్కకపోతే నాకు ఊపిరాడదు. నీకది ఎక్కిరింతకి దొరికిందా?"

సీతాలు ఇన్నాళ్ళూ ఆ మెడని చూసింది గానీ, ఆ మెడ వెనకాల ఒక మనిషి ఉన్నాడని చూడలేదు. చెబుదామనుకుంది. రాతిమనుషులు, రాణి, సున్నాలో గీత. ఏది ముందు చెప్పినా నవ్వులే.

"అందరి ముందూ తప్పయిపోయిందను. ఇంక సెయ్యనని మీయమ్మ మీద ఒట్టెయ్యి. లేపోతే ఇల్లు కాళీ సెయ్యండి."

"ఎయ్యవే," అంది కాంతం గుమ్మంలోంచి. "ఒట్టే కదా, ఎయ్యి."

"తప్పయిపోయింది తాతా," అంది సీతాలు. ఒట్టు మాత్రం వెయ్యలేదు. రేపు శనివారం.

ఎల్లారావు ముందుకొచ్చి ఆమె చేతిలో నాలుక బద్ద లాక్కుని కాలవలోకి విసిరాడు.

"ఇప్పుడెలా ఎక్కిరిత్తావో సూత్తాను."

సీతాలు గెడ్డం గుండెకి ఆనింది. కాలవలో పడ్డ ఆ బద్ద ఇంకా నోట్లోనే ఉన్నట్టు నాలుకని కిందికి అదిమి పెట్టింది. రాణి తన గడప తొక్కిన శత్రువుతో అనే మాట, ఏడు శబ్దాల మాట, మొదట్నుంచి చివరిదాకా అంది. అందులో మూడో శబ్దం రెండుసార్లు వస్తుంది. రెండుసార్లూ వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. ఒకామె బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. ఎల్లారావు చెయ్యి దానంతటదే అతని మెడ మీదికి వెళ్ళింది. చెయ్యి దించి, "సోమారానికి సామాన్లు కనిపించకూడదు," అన్నాడు.

కాంతం ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. మార్కెట్‌కి వెళ్తూ ఒక్క మాటంది. "గొడ్డు గొంతు తెచ్చుకున్నావు, కొంప పోగొట్టావు."

శనివారం యశస్విని ముందు చెప్పింది. నాలుగుసార్లు ఆగి, రెండుసార్లు నీళ్ళు తాగింది. తర్వాత సీతాలు చెప్పింది. గాజు అవతల దేవీప్రసాద్ చెవులకున్నది తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ విన్నాడు.

"నేను పంపిన ఆడియోలో ఇలా లేదే."

"అందులో మీరు దగ్గుతున్నారు సార్," అన్నాడు సాయిశంకర్.

"నిన్నెవరడిగారు?" అని సీతాలు వైపు తిరిగాడు. "ఎవరు నేర్పారు నీకిది?"

"మా ఇంటి ఓనరు."

"వెటకారమా?"

నిజం చెప్పినప్పుడల్లా వెటకారమే అవుతుంటే మళ్ళీ చెప్పడం దేనికి అనుకుంది సీతాలు. యశస్విని సంచి సర్దుకుని, ఆమె భుజాన్ని రాసుకుంటూనే వెళ్ళిపోయింది. సారీ అనలేదు.

దేవీప్రసాద్ ఒక కట్ట లోపలికి తెచ్చి బల్ల మీద పడేశాడు. రాణి మాటలు, పదకొండు పేజీలు.

"సోమవారం తొమ్మిదికల్లా మైకు ముందుండు. అంతకు ముందే గదులు తుడిచెయ్యి."

"తొమ్మిదికి అవదు సార్. ఇల్లు మారాలి. పదకొండుకొస్తాను." ఒక్క క్షణం ఆగింది. "తుడవడానికి ఇంకెవర్నైనా చూసుకోండి."

ఆ గదిలో ఆమె అంత పొడుగు మాట అనడం అదే మొదలు. దేవీప్రసాద్ ఆమెని పైనుంచి కిందికి చూశాడు, గాజులోంచి సాయిశంకర్‌ని చూశాడు, యశస్విని వెళ్ళిన తలుపుని చూశాడు. ఆ మాటలు అనగలిగినవాళ్ళు మరొకరు లేరని అతని ముఖంలో కనబడుతూనే ఉంది. దానికి ఆమెని క్షమించలేడని కూడా కనబడుతోంది.

"పదకొండంటే పదకొండే," అన్నాడు.

సీతాలు పేజీలు లెక్కపెట్టుకుని, ఒకటి తక్కువుంటే అడిగి తీసుకుని, బయటికి నడిచింది.